సెలవు రోజున రిజర్వాయర్ దగ్గర కార్ప్ చేపల వేట: ముందు రోజు సాయంత్రం నుంచి చీకటి పడేదాకా

చిన్న చెరువుల్లో గాలం వేసి అలవాటున్నవాళ్లు మొదటిసారి రిజర్వాయర్ గట్టు మీద నిలబడితే కాసేపు ఏమీ తోచదు. ఎటు చూసినా నీళ్లే. ఎక్కడ వేయాలి? చాలామంది బండి ఆపిన చోటే సామాను దించి, చేతిలో బలం ఉన్నంత దూరం విసిరి, సాయంత్రం దాకా రాడ్ కొన వంక చూస్తూ కూర్చుంటారు. నేను మొదటి మూడు సెలవులూ అలాగే పోగొట్టుకున్నాను. ప్రతిసారీ ఇంటికొచ్చి ఎర మార్చాలనుకునేవాణ్ణి. ఎర బాగానే ఉంది, కొక్కెం బాగానే ఉంది. నేను కూర్చున్న చోట చేపలే లేవు. అందుకే ఇక్కడ సామాను గురించి కొంచెం, చోటు వెతకడం గురించి బాగా ఎక్కువ చెబుతాను.

కార్ప్ అంటే చాలా రకాలున్నాయి. ఇందులో చెప్పేదంతా కామన్ కార్ప్ గురించి, మనం బంగారు తీగ అనే చేప గురించి. ఒళ్లంతా పొలుసులున్నదీ, అక్కడక్కడా పెద్ద పొలుసులు మాత్రమే ఉన్న మిర్రర్ కార్పూ ఒకే జాతి. గడ్డి చేప, వెండి చేపల తిండి అలవాట్లు వేరు, వాటిని పట్టే పద్ధతీ వేరు.

చేప ఎలా తింటుందో తెలిస్తే సగం పని అయినట్టే

బంగారు తీగ నోటి పక్కన రెండు జతల మీసాలుంటాయి. వాటితో అడుగున బురదను తడుముతూ రుచి చూస్తుంది. ఏదైనా దొరికితే నోటిని గొట్టంలా ముందుకు చాచి, బురదతో సహా పీల్చుకుని, పనికిరానిది బయటికి ఊదేస్తుంది. దవడల్లో పళ్లుండవు, గొంతులో ఉంటాయి. నత్తలనూ గట్టి గింజలనూ అక్కడే నలిపి మింగుతుంది. దానికి పొట్ట సంచి లేదు, తిన్నది నేరుగా పేగులోకి పోతుంది. కాబట్టి ఒక్కసారే కడుపు నింపుకుని పడుకునే చేప కాదిది, కొంచెం కొంచెంగా పొద్దంతా ఏరుకు తింటుంది. పీల్చడం, ఊదడం అన్న ఈ అలవాటు కొక్కెం కట్టేటప్పుడు మళ్లీ గుర్తు చేసుకుందాం.

ఇంకొకటి, దాని వినికిడి. గాలితిత్తి నుంచి లోపలి చెవి దాకా చిన్న ఎముకల గొలుసు ఉంటుంది. నీటిలోని చప్పుడు గాలితిత్తికి తగిలి ఆ ఎముకల మీదుగా చెవికి చేరుతుంది. గట్టు మీద మీరు మాట్లాడుకుంటే పెద్దగా వినబడదు గానీ, బూటుతో రాయిని తన్నితే, స్టాండు గుచ్చడానికి సుత్తితో కొడితే ఆ అదురు నీళ్లలోకి పోతుంది. ఒడ్డుకు దగ్గరగా మేస్తున్న చేపలు అంతటితో జారుకుంటాయి.

ముందు రోజు సాయంత్రం

మొదటి పని అనుమతి. రిజర్వాయర్ తాగునీటిదో, సాగునీటిదో, విద్యుత్తుదో అయి ఉంటుంది. చేపల హక్కులు ఎవరివో, ఏ గట్టున కూర్చోవచ్చో, ఎన్ని రాడ్లు వేయొచ్చో ముందే కనుక్కోండి. పట్టిన చేపను ఏం చేయాలన్నదీ ఊరికో రకం. ఇంగ్లండ్ కార్ప్ నీళ్లలో చేపను క్షేమంగా తిరిగి వదలడమే రివాజు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా, క్వీన్స్‌లాండ్ రాష్ట్రాల్లో అదే చేప హానికర జాతి, పట్టాక ప్రాణంతో నీళ్లలోకి వదిలితే నేరం. మీ నీళ్లలో ఏది చెల్లుతుందో మీరే తెలుసుకుని వెళ్లాలి.

తర్వాత వాతావరణం. వాన పడుతుందా లేదా అన్నదానికన్నా గాలి ఏ దిక్కు నుంచి వీస్తోందో చూసి రాసుకోండి. నిన్నటి నుంచీ ఒకే దిక్కున వీస్తుంటే ఇంకా మంచిది. నీటి మట్టం పెరుగుతోందా, తగ్గుతోందా అనేది రెండో విషయం. గేట్లు ఎత్తే రోజైతే ప్రయాణం మానుకోండి.

ఎర విషయంలో నా ఓటు మొక్కజొన్నకే. 1952లో ఇంగ్లండ్‌లోని రెడ్‌మైర్ అనే చిన్న చెరువులో రిచర్డ్ వాకర్ 44 పౌండ్ల కార్ప్‌ను పట్టాడు, దాదాపు 20 కిలోలు. ఆ రికార్డు 1980 దాకా నిలిచింది. ఆ ఏడాది అదే చెరువులో క్రిస్ యేట్స్ 51 పౌండ్లు దాటిన చేపను పట్టింది మొక్కజొన్న గింజలతోనే. ఖరీదైన ఎర కొనేముందు ఒకసారి ఇది గుర్తు తెచ్చుకుంటే జేబుకు మంచిది.

ఎండు గింజలైతే ఒక రోజంతా నానబెట్టి, అరగంట పైనే ఉడకబెట్టాలి. గోటితో నొక్కితే గింజ అణగాలి. పచ్చి గింజలు చేప కడుపులోకి పోయాక ఉబ్బి దానికి హాని చేస్తాయి, ఈ ఒక్క విషయంలో బద్ధకం పనికిరాదు. ఉడికిన నీళ్లు పారబోయకండి, అందులోని తీపి వాసన మేతలో కలపడానికి బాగుంటుంది. డబ్బాలో దొరికే మెత్తటి స్వీట్ కార్న్ కూడా పనిచేస్తుంది గానీ చిన్న చేపలు దాన్ని చటుక్కున కొరికేస్తాయి. చిన్న చేపలు ఎక్కువగా ఉండే నీళ్లయితే గట్టి గింజే మేలు. పిండి ముద్దలు, వానపాములు కూడా తీసుకెళ్లొచ్చు, కానీ రోజంతా మూడు నాలుగు ఎరలు మారుస్తూ కూర్చుంటే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

సామాను

ఎక్కువ వద్దు, ఎందుకంటే రేపు మీరు నడవాలి. పది నుంచి పన్నెండు అడుగుల రాడ్ ఒకటి, కుదిరితే రెండు. డ్రాగ్, అంటే చేప గట్టిగా లాగినప్పుడు దారాన్ని వదిలే బిగింపు, సాఫీగా తిరిగే మధ్యస్థం రీలు. 0.30 నుంచి 0.35 మిల్లీమీటర్ల నైలాన్ దారం కనీసం 150 మీటర్లు. 6, 8 నంబర్ల కొక్కేలు. 60 నుంచి 90 గ్రాముల బరువులు. లోతు కొలవడానికి ఒక బెండు. పొడుగు పిడి ఉన్న పెద్ద వల. చేపను పడుకోబెట్టడానికి మెత్తటి తడి మ్యాట్. కొక్కెం తీసే పటకారు. నీటి మీది మెరుపును తగ్గించే పోలరైజ్డ్ కళ్లజోడు మాత్రం మరిచిపోకండి, నా దృష్టిలో అది రెండో రాడ్ కన్నా ముఖ్యం. తాగునీళ్లు, టోపీ, టార్చి, చిన్న ఫస్ట్ ఎయిడ్ పెట్టె ఎలాగూ ఉండాలి.

కొక్కెం కట్టే పద్ధతి

ఎరను కొక్కేనికి నేరుగా గుచ్చితే కార్ప్ పీల్చినప్పుడు ఏదో తేడాగా అనిపించి వెంటనే ఊదేస్తుంది. 1980 ప్రాంతంలో ఇంగ్లండ్‌లో లెన్నీ మిడిల్టన్, కెవిన్ మాడక్స్ దీనికొక ఉపాయం కనిపెట్టారు. ఎరను కొక్కేనికి కాకుండా, కొక్కెం కింద వేలాడే సన్నటి పోగుకు కట్టారు. మొదట్లో నిజంగానే తలవెంట్రుక వాడారు కాబట్టి హెయిర్ రిగ్ అన్న పేరు నిలిచిపోయింది. ఎర స్వేచ్ఛగా లోపలికి పోతుంది, వెనకాలే ఖాళీ కొక్కెం పోతుంది. ఊదినప్పుడు మొన కింది పెదవికి గుచ్చుకుంటుంది.

దీన్ని ఇంట్లోనే, మంచి వెలుతురులో కట్టి ఆరేడు సిద్ధం చేసుకోండి. తెల్లవారుజామున చలికి వేళ్లు సహకరించవు.

1. అల్లిక దారం 30 సెంటీమీటర్లు కోసి, ఒక చివర చిన్న ఉచ్చు వేయండి.

2. సన్నటి కొక్కీ సూదితో రెండు మూడు గింజలను ఆ ఉచ్చు మీదికి ఎక్కించి, జారిపోకుండా ఉచ్చులో చిన్న పుల్ల ముక్క పెట్టండి.

3. దారం రెండో చివరను కొక్కెం కంట్లోకి వీపు వైపు నుంచి, అంటే మొన లేని వైపు నుంచి దూర్చి లాగండి. ఎర కొక్కెం వంపు కింద ఒక సెంటీమీటరు దూరంలో వేలాడేలా సరిచూసుకోండి.

4. ఎర ఉన్న పోగును కొక్కెం కాడకు ఆనించి పట్టుకుని, రెండో చివరతో కాడ చుట్టూ పోగుతో కలిపి కిందికి ఏడెనిమిది చుట్లు బిగుతుగా చుట్టండి.

5. అదే చివరను మళ్లీ వీపు వైపు నుంచే కంట్లో దూర్చి, నోటి తడి అంటించి మెల్లగా బిగించండి. పొడిగా బిగిస్తే రాపిడికి దారం బలం పోతుంది.

ఇక్కడ తప్పు చేసేది ఎక్కువగా అయిదో మెట్టులో. ముందు వైపు నుంచి దూర్చితే కొక్కెం తిరగబడదు. సరిగ్గా కట్టారో లేదో చూడాలంటే కొక్కేన్ని అరచేతి మీద పెట్టి దారాన్ని మెల్లగా లాగండి, మొన కిందికి తిరిగి చర్మాన్ని గోకాలి.

మిగిలిన చివర కొక్కెం నుంచి 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో స్వివెల్‌కు, అంటే దారం మెలిపడకుండా తిరిగే చిన్న లోహపు కడికి కట్టండి. ఆ స్వివెల్ దగ్గరే బరువు ఉండాలి. చేప ఎర ఎత్తుకుని కదలగానే ఆ బరువు తగిలి కొక్కెం తనంతట తానే దిగుతుంది. ఒక జాగ్రత్త ఉంది: దారం తెగిపోతే బరువు ఊడి పడిపోయేలా అమర్చాలి. ముడివేసి కట్టేస్తే చేప ఆ గుండును జీవితాంతం ఈడ్చుకుంటూ తిరుగుతుంది, లేదా కలుపులో చిక్కి చస్తుంది.

తెల్లవారాక మొదటి గంట: రాడ్ సంచిలోనే

వెలుగు రాకముందే చేరుకోండి, కానీ సామాను విప్పకండి. ఇదే అన్నిటికన్నా కష్టమైన మెట్టు. ఉన్నది ఒక్క రోజు, అందులో గంట ఊరికే తిరగడమేంటి అనిపిస్తుంది. నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. అయినా తిరుగుతాను.

ముందుగా గాలి. వెచ్చటి రోజుల్లో గాలి ఏ గట్టుకు కొడుతోందో ఆ గట్టుకు వెళ్లండి. పైనున్న వెచ్చటి నీళ్లనూ, తేలే తిండినీ గాలి అటే తోస్తుంది, అలలు ఒడ్డును కోసి పురుగులను కదిలిస్తాయి, నీళ్లలోకి ప్రాణవాయువు చేరుతుంది. ముఖానికి గాలి కొడుతుంటే కూర్చోవడానికి ఇబ్బందే. చేపలకు మన సుఖంతో పనిలేదు కదా. చలికాలపు చల్లగాలి సంగతి వేరు, అప్పుడు గాలి తగలని ఎండపొడ గట్టు బాగుంటుంది. నీళ్లు 10 డిగ్రీల కిందికి పోతే ఈ చేప చాలా మందగిస్తుంది, 18 నుంచి 25 మధ్య చురుగ్గా తింటుంది.

రెండోది, నీటి అడుగున ఏముందో పైనుంచి చదవడం. రిజర్వాయర్ అంటే ఒకప్పటి లోయ. దాని కింద పాత వాగు ఉంటుంది, మునిగిన దారులుంటాయి, గోడలు, చెట్ల మొదళ్లు ఉంటాయి. గట్టు మీద కొండ వాలు ఎలా దిగుతోందో చూస్తే నీళ్ల కింద కూడా దాదాపు అలాగే సాగుతుంది. నిటారు గట్టు కింద లోతు, చదును పొలంలా ఉన్నచోట లోతు తక్కువ. నీళ్లలోకి పొడుచుకొచ్చిన నేల, వాగు వచ్చి కలిసే పాయ, కలుపు మొక్కల అంచు, ఈ మూడూ కార్ప్ తిరిగే దారులు. నీళ్లు బాగా తగ్గిన కాలంలో ఒకసారి ఊరికే వెళ్లి ఫొటోలు తీసుకుంటే, నిండాక ఆ ఫొటోలే మీ మ్యాపు.

లోతు ఎక్కువున్నచోటే పెద్ద చేపలుంటాయన్నది పాత భ్రమ. వేసవిలో లోతైన రిజర్వాయర్‌లో పైన వెచ్చటి పొర, కింద చల్లటి పొర విడిపోతాయి. రెండూ కలవవు కాబట్టి కింది పొరలో ప్రాణవాయువు తగ్గుతూ పోతుంది. అక్కడ ఎర వేస్తే ఖాళీ గదిలో భోజనం వడ్డించినట్టే. పగటి పూట రెండు నుంచి అయిదు మీటర్ల మధ్య మొదలుపెట్టండి, తెల్లవారుజామున మీటరు లోతులో కూడా దొరుకుతాయి. నీటి మట్టం పెరుగుతున్న రోజుల్లో అయితే కొత్తగా మునిగిన గడ్డిలోకి, మోకాలి లోతులోకి కూడా వచ్చేస్తాయి. మట్టం తగ్గుతుంటే ఒడ్డును నమ్మకుండా వెనక్కి జరిగి లోతు వైపు అంచును చూసుకుంటాయి.

మూడోది చేప జాడ. ఎత్తుగా ఉన్నచోట నిలబడి, కళ్లజోడు పెట్టుకుని, ఒక్కో ముక్కను అయిదేసి నిమిషాలు చూడండి. సోడా పొంగినట్టు సన్నటి బుడగలు గుంపుగా వచ్చి, కాస్త జరిగి మళ్లీ వస్తే అది అడుగున మేస్తున్న చేప. ఒకేచోట ఆగకుండా వచ్చే బుడగలు కుళ్లిన బురదలోని గ్యాసు మాత్రమే. తేటగా ఉన్న నీళ్లలో ఒకచోట మాత్రం బురద రంగు కనిపించడం, గాలి లేకుండానే రెల్లు ఊగడం, చేప వీపు తిరగడం, ఇవన్నీ మంచి గుర్తులు. ఎగిరి పడ్డ చేప అక్కడ తింటోందని చెప్పలేం గానీ, ఆ చుట్టుపక్కల ఉందని మాత్రం తెలుస్తుంది.

జాడ కనిపించాక కూడా ఒక చూపు మీ కోసం చూసుకోండి. గేట్లు, అలుగు, నీళ్లు లాగే గోపురం దగ్గర కూర్చోకూడదు. రాతి కట్ట మీద పాచి పట్టిన భాగం గాజులా జారుతుంది. నెత్తి మీద కరెంటు తీగలుంటే చోటు మార్చండి, కార్బన్ రాడ్‌లో విద్యుత్తు పారుతుంది. ఉరుము వినిపిస్తే రాడ్ కింద పడేసి దూరంగా పోవడమే.

అడుగును తడమడం

ఎంచుకున్న చోట కొక్కెం లేకుండా బరువు ఒక్కటే విసిరి, నీటిని తాకినప్పటి నుంచి దారం వదులయ్యేదాకా లెక్కపెట్టండి. పక్కపక్కన అయిదారు చోట్ల ఇలా వేస్తే ఎక్కడ లోతు మారుతోందో అంకెలే చెబుతాయి. పడగానే రాడ్ కొనకు ఠక్కున తగిలితే గట్టి నేల. మెత్తగా దిగి, లాగితే బంకలా వస్తే బురద. పట్టుకుని వదలకపోతే కలుపు. బురద ఆగి గట్టి నేల మొదలయ్యే అంచు దొరికితే అక్కడ ఆగండి. సరిగ్గా ఎంత లోతో కావాలంటే బరువు పైన జారే బెండు కట్టి, అది తేలేదాకా దారం వదిలి కొలవండి.

చోటు కుదిరాక అవతలి గట్టు మీద ఒక చెట్టునో రాయినో గురి పెట్టుకుని, దారాన్ని రీలు క్లిప్పులో పెట్టండి. ప్రతిసారీ అదే దూరంలో పడుతుంది. చేప పడ్డాక పరుగెత్తితే క్లిప్పు దగ్గర దారం తెగుతుంది కాబట్టి వేశాక క్లిప్పు తీసి, ఆ చోట దారానికి రంగు దారంతో చిన్న గుర్తు కట్టుకోండి.

మేత

మొదట రెండు మూడు గుప్పెళ్లు. అంతే. ఒక్క రోజు వేటలో ఎక్కువమంది చేసే తప్పు, వచ్చీ రాగానే బకెట్టంతా పారబోయడం. వేసింది వెనక్కి తీసుకోలేం. చేపలు తక్కువగా ఉంటే ఆ మేతే సాయంత్రం దాకా వాటికి సరిపోతుంది, మీ కొక్కెం దగ్గరున్న మూడు గింజల వంతు ఎప్పటికి వస్తుంది? చేప పడిన ప్రతిసారీ ఇంకో గుప్పెడు వేయండి. గంట దాటినా ఏమీ లేకపోతే మేత పెంచకండి, చోటు మార్చండి.

కూర్చోవడం, ముట్టడం, లాగడం

డ్రాగ్‌ను ముందే సరిచేసుకోవాలి. దారం తెగే బలంలో పావు వంతుకు రీలు దారం వదలాలి. ఆరు కిలోల దారమైతే కిలోన్నర దగ్గర, చిన్న స్ప్రింగ్ త్రాసుతో లాగి చూస్తే తెలిసిపోతుంది. ఒకసారి బిగుతుగా వదిలేసి రొట్టె తినడానికి అటు తిరిగాను. తిరిగి చూసేసరికి స్టాండు ఉంది, రాడ్ లేదు. అది నీళ్ల మీద పడవలా పోతుంటే చూస్తూ నిలబడ్డాను.

రాడ్ కొన ఒకసారి ఊగి ఆగితే అది చేప ఒళ్లు దారానికి తగలడం, లాగకండి. అక్కడ చేపలున్నాయని సంతోషించండి. దారం ఆగకుండా పోతుంటే అదీ అసలు లాగడం. కొన్నిసార్లు తిరగబడి జరుగుతుంది, బిగుతుగా ఉన్న దారం ఒక్కసారిగా వదులైపోతుంది. చేప మీ వైపే వస్తోందన్నమాట, గబగబా చుట్టాలి. ఏదైనా సరే పెద్దగా కొట్టి లాగక్కర్లేదు, బరువు పని చేసే ఉంటుంది. రాడ్ ఎత్తి పట్టుకుంటే చాలు.

మొదటి పరుగును ఆపే ప్రయత్నం చేయకండి, మొదళ్ల వైపో కలుపు వైపో పోతుంటే మాత్రం రాడ్‌ను నీటికి అడ్డంగా వాల్చి పక్కకు తిప్పండి. అలిసిందనుకున్నాక ఒడ్డు దగ్గర మళ్లీ ఒక దూకుడు ఉంటుంది, ఎక్కువ చేపలు పోయేది అప్పుడే. వలను ముందే నీళ్లలో ముంచి కదలకుండా పట్టుకుని చేపను దాని మీదికి నడిపించండి. వలతో చేప వెంట పడకూడదు.

వదిలేట్టయితే మ్యాట్‌నూ చేతులనూ తడిపాకే ముట్టుకోండి. ఒంటి మీది జిగురు పొర దానికి కవచం, పొడి చేయి తగిలితే ఊడిపోతుంది. మొప్పల్లో వేళ్లు పెట్టి ఎత్తకండి. నిలబడి ఫొటో దిగకండి, మ్యాట్ మీద మోకాళ్ల మీద కూర్చుని ఎత్తితే జారినా దెబ్బ తగలదు. నీళ్లలో నిటారుగా పట్టుకుంటే శక్తి కూడగట్టుకుని తనే తోసుకుని పోతుంది.

మధ్యాహ్నం మూగబోతే

ఎండ నడినెత్తికి వచ్చాక తరచుగా అంతా ఆగిపోతుంది. అప్పుడు నిద్రపోవచ్చు, తప్పేమీ లేదు. నేనైతే ఒక రాడ్ తీసేసి మళ్లీ ఒకసారి గట్టు చుట్టూ తిరిగొస్తాను. పొద్దున్నుంచి గాలి మారిందేమో, నీడ ఎటు పడిందో, పైపైన వీపులు కనిపిస్తున్నాయేమో చూస్తాను. వీపులు కనిపిస్తే బరువు లేకుండా బ్రెడ్డు పైపెంకు ముక్క తేలేలా వేయొచ్చు. ఉన్నచోట జాడ లేకుండా రెండు గంటలు గడిస్తే, అక్కడ ఎంత మేత వేసినా సరే, లేచిపోవాలి. వేసిన మేత మీద మమకారం పెంచుకుని సాయంత్రాలు పోగొట్టుకున్నవాళ్లలో నేనొకణ్ణి.

పొద్దు వాలేముందు గంట, గంటన్నర మళ్లీ మంచి సమయం. కొత్త ఎర ఎక్కించి, పొద్దున లాగిన చోటికే కాకుండా ఒక రాడ్‌ను ఒడ్డుకు పది, పదిహేను మీటర్ల లోపు వేయండి. మనుషుల అలికిడి తగ్గాక అవి అంత దగ్గరికీ వస్తాయి.

చీకటి పడకముందే సర్దడం మొదలుపెట్టండి. తెగిన దారం ముక్కలన్నీ ఏరి సంచిలో వేసుకోండి, నైలాన్ దారం పక్షుల కాళ్లకు చుట్టుకుంటే విడిపోదు. వలనూ మ్యాట్‌నూ ఇంకో నీళ్లకు తీసుకెళ్లేముందు ఎండలో పూర్తిగా ఆరబెట్టండి, చేపల రోగాలు తడి వలల మీదే ప్రయాణం చేస్తాయి. బండెక్కే ముందు అయిదు నిమిషాలు తీసుకుని తేదీ, నీటి మట్టం, గాలి దిక్కు, లోతు, చేప లాగిన గంట ఒక పుస్తకంలో రాసుకోండి. చేప పడని రోజైతే ఎక్కడ కూర్చున్నారో మరీ వివరంగా రాయండి.